బాబుకు ఏలికపాము పడింది, ఒక్క మాత్ర సరిపోతుందా?

రాజాం దగ్గరి పల్లె నుంచి అడిగిన చెల్లికి.

నాలుగేళ్ళ బాబు మలంలో జానెడు పొడవు పాము పడిందని, బెల్లం తినడం వల్లేనని అత్తగారు అంటున్నారని, ఒక్క మాత్ర చాలా అని అడిగారు. ముందు భయం వదలండి. అది ఏలికపాము. మా పాపకూ ఇంచుమించు ఆ వయసులోనే పడింది. మాది ఆమదాలవలస వైపు.

బెల్లానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. దాని గుడ్డు నోట్లోకి వెళితేనే కడుపులో పాము పెరుగుతుంది. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటపడి, తేమ, నీడ ఉన్న మట్టిలో రెండు మూడు వారాలు ఉన్నాకే సోకే స్థితికి వస్తాయి. కాబట్టి బాబును అక్క పక్కన పడుకోబెట్టడానికి జంకకండి, అలా అంటుకునేది కాదు. మింగిన గుడ్డు పేగులో పగిలాక పిల్లపురుగు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడి నుంచి గొంతులోకి ఎక్కి, మళ్ళీ మింగుడుపడి పేగులో స్థిరపడుతుంది. అది పెరిగి గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఆల్బెండజోల్ మాత్ర పేగులో ఉన్న పాములను చంపుతుంది. పెరటి మట్టిలోని గుడ్లను ఏమీ చేయలేదు, అవి ఏళ్ళ తరబడి బతికి ఉండగలవు. మా పాపకు మాత్ర వేసిన కొన్ని నెలలకే మళ్ళీ పాము పడింది. అప్పుడు మా ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఇంటికి వచ్చి, పిల్లను కాదు, పెరడు చూపించమన్నారు. మా వైపు పెద్దలంతా మరుగుదొడ్డికే వెళ్తారు. పసివాళ్ళది మాత్రం అరటి మొదట్లో పారబోస్తారు, "పసిపిల్లలదే కదా" అని. పక్కనే తోటకూర మడి, అక్కడే పిల్లల మట్టి ఆటలు! ఆవిడ చెప్పినప్పటి నుంచి పసివాళ్ళ మలమూ మరుగుదొడ్డిలోనే వేస్తున్నాం. ఆకుకూరలు రెండు మూడు నీళ్ళలో కడిగి బాగా ఉడికిస్తాం. గోళ్ళు కత్తిరించడం, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించడం ఎలాగూ తప్పవు. ఆ తర్వాత మా ఇంట్లో పాము కనబడలేదు. మీరూ మాత్రతో ఆగిపోకండి, పెరడు చూసుకోండి.

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఈ మాత్రను ఉచితంగా ఇస్తున్నారు. ఏడాది నిండినవారి నుంచి 19 ఏళ్ళ వరకు అందరికీ. రెండేళ్ళు దాటినవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అంతకంటే చిన్నవారికి సగం. చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్ళతో పట్టాలి, లేకపోతే గొంతుకు అడ్డుపడవచ్చు. బాబు హుషారుగానే ఉన్నాడని మానేయకండి. మీకు నెల తప్పి ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా మీరు వేసుకోవద్దు.

బాబు కడుపు ఉబ్బి గట్టిపడినా, వాంతులు ఆగకపోయినా, విరేచనం కాకపోయినా ఇంట్లో మాత్ర వేయకండి. పాములు ఉండకట్టి పేగుకు అడ్డుపడి ఉండవచ్చు. రాత్రయినా సరే, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.