పెరటి తోటకు దేనికి ఖర్చుపెట్టాలి, దేనికి అక్కర్లేదు

మూడు సెంట్ల పెరడును తోట చేయడానికి 40 వేలు అవుతుందన్నారని, అంతకంటే తక్కువలో అయ్యే దారి ఉందా అని అడిగారు. ఉందండీ. మాది రాజమండ్రి దగ్గర, కడియం నర్సరీలు మాకు పక్కనే. అయినా మా పెరట్లో కొన్న మొక్కలు తక్కువే. ఇంటికి కావలసినవి చాలావరకు కొమ్మ నుంచో పిలక నుంచో వచ్చేస్తాయి.

మునగ సంగతే తీసుకోండి. కాపు అయ్యాక ఎవరో ఒకరు కొమ్మలు కొట్టేస్తారు. మణికట్టు లావు, మూడు నాలుగు అడుగుల పొడవున్న కొమ్మ అడిగి తెచ్చుకుని అడుగు లోతున పాతండి. పైన కోసిన చోట పేడ ముద్ద పెట్టండి, కొమ్మ పైనుంచి ఎండిపోకుండా ఉంటుంది. మొదట్లో నీళ్లు మాత్రం నిలవనివ్వొద్దు, కుళ్లిపోతుంది. కరివేపాకుకు పెద్ద చెట్టు చుట్టూ లేచే పిలకను వేరుతో తవ్వుకుంటే సరి. అరటికి కత్తిలా సన్నటి ఆకులున్న పిలక ఎంచుకోండి. చిన్నప్పుడే వెడల్పాటి ఆకులు వేసేది బలంగా రాదు.

మామిడి, సపోటా మాత్రం డబ్బు పెట్టి అంటు మొక్కలే కొనండి. టెంక మొక్క కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, తల్లి చెట్టు రుచే వస్తుందనీ లేదు.

ఎరువు బస్తాలు అక్కర్లేదు. 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవు పేడ, లీటరు పంచితం, 200 గ్రాముల నల్లబెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి వేసి, పూటపూటా కర్రతో కలుపుతూ రెండు రోజులు నీడన ఉంచండి. అదే జీవామృతం. నీళ్లు కలిపి పల్చన చేసి పాదుల్లో పోయండి. పాదుల మీద కప్పడానికి బొండాల బండి దగ్గర డొక్కలు ఊరికే ఇస్తారు. ఎండుటాకులైతే వీధి నిండా ఉంటాయి. ఫాల్గుణంలో వాటిని పోగేసి తగలబెడుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

మీకు చెప్పిన లెక్కలో లాను, టైల్సు ఉంటే ముందు అవి కొట్టేయండి. మన ఎండలకు లాను నీళ్లు తాగుతూనే ఉంటుంది, కోత ఖర్చు వేరే. నడవడానికి పాత ఇల్లు పడగొట్టిన చోట ఇటుకలు అడిగి, కింద ఇసుక పోసి పరిస్తే చాలు. సిమెంటు లేదు కాబట్టి వాన నీరు నేలలోకే ఇంకుతుంది.

మిగిలిన డబ్బు పందిరికి పెట్టండి, అక్కడ పిసినారితనం వద్దు. పాదు కాయలు దిగాక బరువు మామూలుగా ఉండదు. సరుగుడు కర్రల మొదళ్లకు తారు పూసి పాతండి, చెద త్వరగా పట్టదు. పైన తాడు కాకుండా జీఐ తీగ కట్టండి. తొలకరికి ముందే పందిరి లేపేస్తే, జూన్‌లో బీర, ఆనప నాటు గింజలు పెట్టుకోవచ్చు. బాగా కాసిన తీగకు ఒక కాయను కోయకుండా ఎండనివ్వండి, వచ్చే ఏడాదికి గింజలు మీ ఇంట్లోనే ఉంటాయి.