జడ్ మెషీన్‌పై పరిశోధన చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ భౌతికశాస్త్రం చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికాలోని జడ్ మెషీన్ గురించి చదివి, కేంద్రక సంలీన (తేలిక పరమాణు కేంద్రకాలను కలిపి శక్తిని పుట్టించే) పరిశోధనలోకే వెళ్తానంటోంది. ఆ రంగంలో ఉద్యోగాలుంటాయా? ఏ దారిలో పంపాలి?

జవాబు: రంగం మంచిదే. అయితే ఆ యంత్రం దాకా వెళ్లే దారి సూటిగా ఉండదు కనుక, ముందు ఆ పని ఎలాంటిదో మీరు తెలుసుకోవాలి. న్యూమెక్సికోలోని శాండియా ప్రయోగశాలలో ఉన్న జడ్ మెషీన్, కెపాసిటర్లలో నిల్వ చేసిన శక్తిని సెకనులో కోటో వంతు కాలంలోకి కుదించి, సుమారు 2.6 కోట్ల ఆంపియర్ల ప్రవాహంగా వదులుతుంది. ఆ ప్రవాహం సన్నని టంగ్‌స్టన్ తీగల గుండా వెళ్లినప్పుడు అవి ప్లాస్మాగా (విద్యుదావేశ కణాలతో నిండిన వేడి వాయువుగా) మారి, తమ చుట్టూ ఏర్పడిన అయస్కాంత క్షేత్రపు ఒత్తిడికి లోపలికి కుప్పకూలి, తీవ్రమైన ఎక్స్ కిరణాలను వెలువరిస్తాయి. సంలీన ఇంధనాన్ని నొక్కిపట్టినప్పుడు ఉండే అసాధారణ ఉష్ణోగ్రతల్లో పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో ఆ కిరణాలతో పరీక్షిస్తారు. సూర్యుని లోపలి పరిస్థితులకు దగ్గరగా వేడెక్కించిన ఇనుము, సిద్ధాంతం లెక్కగట్టినదానికంటే 30 నుంచి 400 శాతం ఎక్కువగా కిరణాలను అడ్డుకుంటోందని ఈ యంత్రంపై చేసి 2015లో ప్రచురించిన కొలతలు చూపాయి. ఈ రంగానికి కొత్తవారు ఎందుకు కావాలో చెప్పడానికి సిద్ధాంతానికీ కొలతకూ మధ్య ఉన్న ఆ తేడా ఒక్కటే చాలు.

శాండియాలో చాలా ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. అందువల్ల ఆ ఒక్క యంత్రాన్నే లక్ష్యంగా పెట్టుకోవద్దని, దానికి పనికొచ్చే నైపుణ్యాన్ని లక్ష్యంగా పెట్టుకోమని నా సలహా. లండన్ ఇంపీరియల్ కాలేజీలోని మ్యాగ్‌పై, కార్నెల్ విశ్వవిద్యాలయంలోని కోబ్రా ఇదే తరహా చిన్న యంత్రాలే అయినా, పీహెచ్‌డీ విద్యార్థులు ప్రయోగాల్లో స్వయంగా చేయి పెట్టి నేర్చుకునేది అటువంటి చోటనే. మన దేశంలో ముంబైలోని బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్), గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రం దీనికి దగ్గరి పనులు చేస్తున్నాయి. వాటికోసం గేట్, జెస్ట్ ప్రవేశ పరీక్షలకు ఇప్పటినుంచే సిద్ధం కావాలి.

ఎమ్మెస్సీలో విద్యుదయస్కాంతత్వం, ప్లాస్మా, పరమాణు వర్ణపటాలు లోతుగా చదవాలి. మార్కులతో సమానంగా ప్రాజెక్టునూ పట్టించుకోవాలి: అధిక వోల్టేజీ వలయాలు, ఎక్స్ కిరణాల డిటెక్టర్లు చేతికి అలవాటైతే, సంలీన పరిశోధన దొరకకపోయినా వైద్య పరికరాల పరిశ్రమలోనూ కణాల వేగాన్ని పెంచే యాక్సిలరేటర్ కేంద్రాల్లోనూ ఆ పనితనానికి విలువ ఉంటుంది. ఆమె మొగ్గు కంప్యూటర్ సిమ్యులేషన్ వైపు ఉంటే అదీ ఈ రంగానికి అవసరమే; ఎమ్మెస్సీ మొదటి ఏడాది ల్యాబ్ పూర్తయ్యాక ఆ నిర్ణయం ఆమెనే తీసుకోనివ్వండి.