అమ్మడూ, ముందు ట్యాంకు గోడ తడిమి చూడు

అమ్మడూ,

నీ మెసేజ్ రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. మీ హాస్టల్ ట్యాంకులో రెండుసార్లు బ్లీచింగ్ కలిపించినా, మలం కలిసిందేమో చూసే పరీక్ష సీసాలో నీళ్లు మళ్లీ నల్లబడ్డాయని, ఇంకో ఆరుగురు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయని రాశావు. ఆసుపత్రిలో చూపించి ఓఆర్ఎస్ పట్టిస్తున్నావు, మంచి పని. ట్యాంకు సంగతి తేలేదాకా తాగే నీళ్లు కళపెళ మరిగించి చల్లార్చి ఇప్పించు, పళ్లు తోముకోడానికి కూడా అవే. వంటామె గ్యాస్ అయిపోతుందంటే అవనీ.

ఇక అసలు విషయం. ఒడిశా పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లకు పైగా మంచినీళ్ల లైను వాల్వులు తిప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ట్యాంకు మూత తీయించి, నీటి మట్టానికి కింద గోడను వేలితో రాసి చూడు. జారుతోందా? అదే పాకుడు. వంశధార రాళ్ల మీద కాలు జారేదీ దానివల్లే. బాక్టీరియా అంతా నీళ్లలో ఈదుతూ ఉంటుందనుకుంటాం గానీ, చాలా భాగం గోడకీ పైపు లోపలికీ అతుక్కుని, తన చుట్టూ తానే జిగురు ఊరించుకుని అందులో కాపురం పెడుతుంది. నువ్వు పోసిన బ్లీచింగ్‌లోని క్లోరిన్ నీళ్లలో ఉన్నవాటిని చంపుతుంది, పాకుడు దగ్గరికొచ్చేసరికి పై పొరతోనే ఖర్చయిపోతుంది, లోపలివి బతికిపోతాయి. జింకు పూసిన పాత ఇనుప (జీఐ) పైపైతే తుప్పు కూడా క్లోరిన్‌ని తినేస్తుంది. నాలుగు రోజులకి ఆ పొర ఊడి ముక్కలు ముక్కలుగా మళ్లీ నీళ్లలో కలుస్తుంది. నీ దగ్గర జరుగుతున్నది ఇదేనని నా నమ్మకం.

చాలా ఏళ్ల కిందట ఒక హాస్టల్‌లో నేనూ ట్యాంకు ఒక్కటే కడిగించి వచ్చేశాను. పది రోజుల్లో పిల్లలు మళ్లీ పడ్డారు. వెళ్లి వెతికితే వంటింటి వెనక, ఎప్పుడో పడగొట్టిన స్నానాల గది పైపు ఇరవై అడుగులు అలాగే వదిలేసి చివర క్యాప్ బిగించి ఉంది. క్యాప్ విప్పితే నల్లటి నీళ్లు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ పైపు లైనుకి కలిసే ఉంది కదా, అక్కడ పెరిగిందంతా రోజూ కొంచెం కొంచెం పిల్లల బిందెల్లోకి వెళ్తోంది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే చెబుతున్నా, మీ లైను మొత్తం ఒకసారి నడిచి చూడు, వాడకంలో లేని పైపు ఏదుంటే దాన్ని మొదట్లోనే కోయించేయి, చివర మూసి సరిపెట్టొద్దు.

మీకు పంచాయతీ నీళ్లు పొద్దున గంటే వస్తాయన్నావు. మిగతా ఇరవై మూడు గంటలు లైనులో ఒత్తిడి ఉండదు, కాలువ పక్కన జాయింటు ఎక్కడ కారుతున్నా మురుగు లోపలికి పీల్చుకుంటుంది. లైనుకి నేరుగా మోటారు పెట్టి లాగితే ఇంకా ఎక్కువ పీలుస్తుంది. ఆ మోటారు తీయించు, తల్లీ, వాచ్‌మన్ ఏమన్నా సరే. పొద్దున వచ్చే మొదటి నీళ్లు ఓ పది నిమిషాలు మొక్కలకి వదిలేశాకే సంపులోకి పట్టండి.

కడిగే పద్ధతి ఇది. ట్యాంకు ఖాళీ చేసి, గట్టి బ్రష్‌తో గోడలు, అడుగు, మూత లోపలి వైపు కూడా రుద్దించు. రుద్దడమే సగం పని, బ్లీచింగ్ తర్వాత సంగతి. అడుగు మడ్డి పూర్తిగా తీయించు. తర్వాత నీళ్లు నింపి వెయ్యి లీటర్లకి రెండు వందల గ్రాముల బ్లీచింగ్ విడిగా బకెట్లో కలిపి, తేరిన నీళ్లు పోసి, ప్రతి కొళాయిలో వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున మొత్తం పారబోయండి. ఆ నీళ్లు ఎవరూ తాగకుండా కొళాయిలకు గుడ్డ కట్టి, ఒడియాలో బోర్డు రాయించు, సవర పిల్లలకి వాళ్ల మాటలో ఎవరిచేతైనా చెప్పించు. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. సంపులోకి ఎవర్నీ ఒంటరిగా దింపొద్దు.

తర్వాత రోజూ వెయ్యి లీటర్లకి ఐదు గ్రాములు చాలు, కానీ బస్తా విప్పి వానాకాలం అంతా ఉంచిన పొడిలో పస ఉండదు. అరగంట ఆగి క్లోరిన్ పరీక్ష చెయ్యి, అదీ ట్యాంకు దగ్గర కాదు, అన్నిటికన్నా దూరంగా ఉన్న కొళాయి దగ్గర. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, విరేచనాలు తగ్గేదాకా 0.5 ఉంచు.

ఆ నల్లబడే సీసా 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధనశాల వాళ్లు ఇచ్చిన పద్ధతి. మలం కలిసిందేమో అని హెచ్చరిస్తుంది, ఏ జబ్బో చెప్పదు. నల్లబడలేదని నిశ్చింతగా ఉండనూకూడదు. కలరా బాక్టీరియా పరిస్థితి బాగోకపోతే ల్యాబులో పెంచినా పెరగకుండా, చావకుండా అలా పడి ఉంటుందని రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. ఆమే బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీర నాలుగు మడతలు వేసి నీళ్లు వడకట్టిస్తే కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో ప్రకటించారు, బాక్టీరియా అతుక్కునే సన్న పురుగులు గుడ్డలో చిక్కుతాయి కాబట్టి. 2007లో రాయగడ, కోరాపుట్, కలహండిల్లో, 2022లో కాశీపూర్‌లో కలరా ఏం చేసిందో చూశాం కదా. సెలవులకి ఊరెళ్లి చెలమ నీళ్లు తాగే పిల్లలకి ఈ చీర సంగతి నేర్పి పంపు, వడకట్టాక మరిగించాలని కూడా చెప్పు.

గెస్టు గదిలో గీజర్ ఉందన్నావు. నెలల తరబడి వాడకపోతే షవర్ తిప్పేముందు నీళ్లు బాగా వేడెక్కనిచ్చి, షవర్ గొట్టాన్ని బకెట్‌లో ముంచి కాసేపు వదిలేయండి. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో జనాన్ని చంపిన లెజియొనెల్లా అనే బాక్టీరియా గోరువెచ్చటి నీటిలో, అమీబాల లోపల దాక్కుని పెరుగుతుంది, తుంపర పీల్చితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ట్యాంకు ఆదివారం కడిగిద్దాం. పొద్దున గుణుపురం బండికి వస్తాను, రెంచీ నేనే తెస్తాను. నువ్వు రెండు గట్టి బ్రష్‌లు, విప్పని బ్లీచింగ్ ప్యాకెట్ తెప్పించి ఉంచు, శనివారం రాత్రికి తాగే నీళ్లు వేరే డ్రమ్ముల్లో పట్టించు.

మీ మావయ్య