టెక్ సందేహాలు: సిమ్యులేషన్‌లో శక్తి పెరిగిపోతోంది, ల్యాప్‌టాప్ మార్చాలా?

ప్రశ్న: స్ప్రింగుకు కట్టిన బరువు ఊగడాన్ని పైథాన్‌లో సిమ్యులేట్ చేస్తున్నాను. ద్రవ్యరాశి 1, స్ప్రింగు స్థిరాంకం 1, టైమ్ స్టెప్ 0.01. ఘర్షణ పెట్టలేదు. అయినా 100 సెకన్లయ్యేసరికి మొత్తం శక్తి 2.7 రెట్లయింది. ల్యాప్‌టాప్ పాతది కావడం వల్లేనా?

జవాబు: ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు. పైథాన్ దశాంశ సంఖ్యలను 64 బిట్లలో దాచుకుంటుంది, 15 అంకెల దాకా నమ్మొచ్చు. రౌండింగ్ వల్ల ఇంత తేడా రాదు. తేడా ఆయిలర్ పద్ధతిలో ఉంది, అంటే కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా (స్టెప్‌లుగా) కోసి లెక్కించే తేలిక పద్ధతిలో. పాత వేగంతో స్థానాన్ని, పాత స్థానంతో వేగాన్ని మారుస్తున్నట్టున్నారు. మీరిచ్చిన విలువలకు ఆ పద్ధతి అడుగడుగునా శక్తిని 1.0001తో గుణిస్తుంది. 100 సెకన్లంటే 10,000 అడుగులు, వాటికి 2.718 రెట్లు. మీకొచ్చిన 2.7 సరిగ్గా అదే!

స్టెప్ తగ్గిస్తే చాలనిపిస్తుంది. 0.001 పెట్టి చూడండి: లెక్క పది రెట్లు పెరుగుతుంది, శక్తి మాత్రం ఇంకా పది శాతం ఎక్కువే చూపిస్తుంది.

రెండు లైన్ల వరుస మార్చండి. ముందు వేగాన్ని లెక్కించి, ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని జరపండి. అదే 0.01 స్టెప్‌తో శక్తి అర శాతం అటూఇటూ ఊగుతుందే తప్ప ఎంతసేపు నడిపినా పెరుగుతూ పోదు. ఒక్క వరుస మార్పుకు ఇంత ఫలితం రావడం నిజంగా అందమైన విషయం.

ఇంకా మెరుగ్గా కావాలంటే వెర్లే పద్ధతి వాడండి. వేగాన్ని సగం అడుగు జరిపి, స్థానాన్ని పూర్తి అడుగు జరిపి, కొత్త స్థానం దగ్గర బలాన్ని మళ్లీ లెక్కగట్టి, వేగానికి మిగిలిన సగం కలపాలి. బలాన్ని పాత స్థానం దగ్గరే వదిలేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. 1967లో భౌతిక శాస్త్రవేత్త లూప్ వెర్లే 864 కణాలతో ద్రవ ఆర్గాన్‌ను సిమ్యులేట్ చేసింది ఈ తరహా లెక్కతోనే. అణువుల సిమ్యులేషన్లలో ఇప్పటికీ ఇదే వాడుక.

నడుమ స్టెప్ సైజు మార్చకండి, మారిస్తే శక్తిని పట్టి ఉంచే గుణం పోతుంది. వేగాన్ని బట్టి మారే ఘర్షణ కలిపినా ఈ రెసిపీ ఉన్నదున్నట్టు పనికిరాదు. అప్పుడు సైపై అనే పైథాన్ లైబ్రరీలోని సాల్వ్-ఐవీపీ (solve_ivp) ఫంక్షన్ వాడుకోవచ్చు. కానీ దాని డిఫాల్ట్ సాపేక్ష దోష పరిమితి (ఆర్‌టాల్, rtol) 0.001, సుదీర్ఘ సిమ్యులేషన్లకు అది మరీ వదులు. ఆర్‌టాల్‌ను 0.000000001కి బిగించండి, నిరపేక్ష దోష పరిమితి ఏటాల్‌ను (atol) కూడా తగ్గించండి.