పీజీ డాక్టరైన మా అబ్బాయికి టానిక్ ఏది మంచిది?

ప్రశ్న: మా అబ్బాయి వైజాగ్‌లోనే సర్జరీ పీజీ చేస్తున్నాడు. ఒక్కోసారి పొద్దున్న వెళ్లినవాడు మర్నాడు సాయంత్రానికి గానీ ఇంటికి రాడు. రోజూ తలనొప్పి మాత్ర, నిద్రకి అల్ప్రాజోలం. బాగా చిక్కిపోయాడు. బలానికి టానిక్ గానీ బీ12 ఇంజెక్షన్ గానీ చెప్పగలరా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, టానిక్ సంగతి తర్వాత. నాకు భయం వేసింది ఆ రెండు మాత్రల గురించి.

అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. మీవాడికి చీటీ ఎవరు రాశారు? బహుశా తనే రాసుకుని ఉంటాడు. మా డాక్టర్లకున్న పాడు అలవాటిది. పేషెంటు సొంత వైద్యం చేసుకుంటే కేకలేస్తాం, మన దాకా వస్తే డ్రాయర్లో ఉన్న శాంపిల్ మింగేస్తాం. కొన్ని వారాలకే అల్ప్రాజోలం అలవాటు పడిపోతుంది. అలాగని ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. సైకియాట్రిస్టు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నొప్పి మాత్ర నెలకి 15 రోజుల చొప్పున మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రే తలనొప్పి తేవచ్చు. ఏ మాత్రో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్ లాంటిదైతే, తిండీ నీళ్లూ లేకుండా గంటలకొద్దీ ఆపరేషన్ థియేటర్లో నిలబడేవాడికి కడుపుకీ కిడ్నీకీ చేటే.

డ్యూటీ దిగాక బండి మీద వస్తున్నాడా? 17 గంటలు మేలుకున్న మనిషి తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా ఉంటుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. మన దగ్గర 0.03 దాటితే డ్రంక్ డ్రైవ్ కేసు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర స్కూటర్ మీదే నిద్రపోయాను, వెనక ఆటో హారన్ కొడితే లేచాను. బస్సులో రమ్మనండి.

రెసిడెంట్లకి, అంటే మీవాడిలాంటి పీజీ డాక్టర్లకి, మామూలుగా రోజుకి 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ వెయ్యొద్దని 1992లోనే కేంద్రం చెప్పింది. మంచాలకి మించి పేషెంట్లున్న వార్డులో ఆ కాగితం ఎవరు తీస్తారు?

ఈ వారంలోనే ఫిజీషియన్‌కి చూపించండి. కారిడార్లో ఫ్రెండ్‌ని అడగడం కాదు, ఓపీ చీటీ తీసుకుని. బీపీ, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు. బీ12 కావాలో లేదో అప్పుడు తెలుస్తుంది. మాటల్లో విరక్తి కనిపిస్తే ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను. కానీ వార్డుల్లో తిరిగే కుర్రాడు చిక్కిపోతున్నాడంటే నాకు ముందు టీబీయే గుర్తొస్తుంది. దగ్గు ఉందా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా, ఇవాళే అడగండి.