టెక్ సందేహాలు: ఎరుపుకి ఎదురు రంగు ఏది?

ప్రశ్న: మా చెల్లి హల్దీ ఫంక్షన్‌కి నా ఫోన్‌తోనే ఫొటోలు తీశాను. అందరివీ పసుపు బట్టలు, వెనక బంతిపూల డెకరేషన్. కొన్ని ఫొటోల్లో ముఖాలు పాలిపోయాయి. ఆకుపచ్చ షామియానా కింద తీసినవాటిలో ముఖాలకి ఆకుపచ్చ ఛాయ వచ్చింది. కలర్ వీల్ (రంగుల చక్రం) తెలిస్తే సరిచేయొచ్చని ఫ్రెండ్ అంటోంది. నెట్‌లో చూస్తే ఒక చక్రంలో ఎరుపుకి ఎదురుగా ఆకుపచ్చ, ఇంకోదాంట్లో సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు) ఉన్నాయి. ఏది నమ్మాలి? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: రెండూ నమ్మొచ్చు, కాకపోతే వాటిని వాడే చోట్లు వేరు. రంగుల్ని గుండ్రంగా అమర్చిన పటాన్ని న్యూటన్ 1704లోనే అచ్చువేశాడు. చిత్రకారులు వాడే చక్రంలో ఎరుపు, పసుపు, నీలం మూల రంగులు. అందులో ఎరుపుకి ఎదురు ఆకుపచ్చ. ఫోన్ స్క్రీన్, కెమెరా సెన్సర్ మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో పనిచేస్తాయి. ఆ లెక్కలో ఎరుపుకి సయాన్, ఆకుపచ్చకి మెజెంటా (ముదురు గులాబీ లాంటి రంగు), నీలానికి పసుపు ఎదురు. ఏ చీర కట్టుకోవాలి, వెనక ఏ తెర కట్టాలి అనేది చూసుకోవడానికి మొదటి చక్రం చాలు. ఎడిటింగ్‌లో స్లైడర్ జరిపేటప్పుడు రెండోదే పనికొస్తుంది.

ఇక మీ ఫొటోల సంగతి. ఫ్రేమ్ నిండా పసుపే ఉంటే, లైటే పసుపుగా ఉందేమో అని ఫోన్‌లోని ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల్ని దానంతట అదే సర్దే ఏర్పాటు) పొరబడుతుంది. దాన్ని తగ్గించడానికి ఎదురు రంగైన నీలం కలుపుతుంది. బంతిపూలు కొంచెం డల్ అయినా మనం పట్టించుకోం కానీ, అదే నీలం చర్మం మీద పడితే పెళ్లికూతురు నీరసంగా కనిపిస్తుంది. ఈసారి కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి, పగటి వెలుతురు అయితే వైట్ బ్యాలెన్స్‌ని 5500 కెల్విన్ (కాంతి రంగుని చెప్పే కొలత) దగ్గర ఫిక్స్ చేయండి. రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు అలాగే దాచే ఫైల్) తీసే సౌకర్యం ఉంటే ఆన్ చేసుకోండి, తర్వాత మార్చినా నాణ్యత పెద్దగా దెబ్బతినదు.

తీసేసిన ఫొటోలకి స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ టూల్ తెరవండి. టెంపరేచర్ స్లైడర్ నీలం–పసుపు జంట మీద, టింట్ స్లైడర్ ఆకుపచ్చ–మెజెంటా జంట మీద నడుస్తాయి. పాలిపోయిన ముఖాలకి మొదటిదాన్ని పసుపు వైపు, షామియానా ఫొటోలకి రెండోదాన్ని మెజెంటా వైపు కొద్దికొద్దిగా జరపండి. అక్కడే ఉన్న డ్రాపర్‌ని (ఫొటోలో ఏది తెలుపో చూపించే గుర్తుని) తెల్లటి వస్తువు మీద పెట్టినా సరిపోతుంది. అయితే బాబాయి గారి పంచె మీద పెట్టకండి. దానికి నీలిమందు పెట్టి ఉంటారు కదా, ఆ నీలాన్ని తెలుపు అనుకుని ఫొటో మొత్తాన్ని పసుపు చేసేస్తుంది. పసుపెక్కిన బట్టని తెల్లగా చూపించడానికి నీలం పెట్టడం కూడా ఎదురు రంగుల లెక్కే. మన అమ్మమ్మలకి చక్రం బొమ్మతో పని పడలేదు.

ఇంకో మాట. ఎదురు రంగులు రెండూ ఫ్రేమ్‌లో ఉంటే ఫొటో అదిరిపోతుందని చాలా వీడియోల్లో చెబుతారు. సగం సగం ఉంటే మాత్రం కళ్లు ఎక్కడ ఆగాలో తెలియక తికమకపడతాయి. ఒకటి ఎక్కువ, రెండోది చిటికెడు ఉంటే బాగుంటుంది. అందరూ పసుపులో ఉన్నప్పుడు పెళ్లికూతురి చేతికి ఊదా రంగు గాజులు (మొదటి చక్రంలో పసుపుకి ఎదురు ఊదా) వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఎర్ర పట్టుచీర ఫొటో తీస్తే ముద్దలా వస్తోంది. నేతలోని బుటా అసలు కనిపించదు. కొత్త ఫోన్ కొనాలా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: అక్కర్లేదు. మామూలు ఫొటోలో ఒక్కో రంగుకి 0 నుంచి 255 వరకే మెట్లు ఉంటాయి. ముదురు ఎరుపు మీద గట్టి లైటు పడితే ఎరుపు 255ని తాకి అక్కడే ఆగిపోతుంది, ఆకుపచ్చ, నీలం అడుగునే ఉండిపోతాయి. అందుకే మడతకీ బుటాకీ తేడా పోతుంది. చీర మీద ట్యాప్ చేసి, సూర్యుడి గుర్తుని కిందికి లాగి కాస్త చీకటిగా తీయండి. తర్వాత లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో కలర్ మిక్స్ తెరిచి, ఎరుపు శాచురేషన్ (రంగు గాఢత) మాత్రం కొంచెం తగ్గించండి. ఫిల్టర్ల జోలికి వెళ్లకండి, వాటిలో చాలావరకు ఎరుపుని ఇంకా పెంచుతాయి. ఇప్పటికే ముద్దయిపోయిన ఫొటోలో బుటాని తిరిగి తేవడం కష్టం, వీలైతే చీరని కిటికీ పక్కన పరిచి మళ్లీ తీసుకోండి.