అడగండి, చెబుతాము: బ్రెజిల్‌లో మన పశువులు

ప్రశ్న: బ్రెజిల్‌లో ఒక ‘నెల్లూరు ఆవు’ దాదాపు 40 కోట్ల రూపాయలు పలికిందని పత్రికల్లో చదివాను. ఫొటో చూస్తే అచ్చం మా ఒంగోలు ఆవులాగే ఉంది. అది మన ఆవేనా? అయితే దానికి నెల్లూరు పేరెందుకు వచ్చింది?
– ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: మీరు పోల్చుకున్నది నిజమే. ఆ ఆవు పేరు వియాతినా-19. 2023లో దానిలో మూడో వంతు వాటాను వేలంలో అమ్మారు. ఆ ధరను బట్టి మొత్తం ఆవు విలువను సుమారు 43 లక్షల డాలర్లుగా లెక్కగట్టగా, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. అది పుట్టి పెరిగింది బ్రెజిల్‌లోనే గాని, దాని పూర్వీకులు మాత్రం గుండ్లకమ్మ, మూసి ఏళ్ల సీమలో జొన్న చొప్ప తిని, నల్లరేగడి దున్నిన ఒంగోలు జాతి పశువులే.

ఇక పేరు సంగతి. ఈ పశువులు సముద్రాలు దాటుతున్న పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా. అప్పటి ఆంగ్లేయులు ఈ జాతిని జిల్లా పేరుతోనే ఎక్కువగా వ్యవహరించారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడి ఒంగోలు అందులో చేరింది; 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. ఇక్కడ సరిహద్దులు ఇన్నిసార్లు మారినా, అక్కడ మాత్రం మొదట వెళ్లిన పేరే స్థిరపడిపోయింది.

వాటి ప్రయాణం మరింత ఆశ్చర్యకరమైనది. 1868లో ఇంగ్లండుకు వెళ్తున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు, అందులో ఉన్న ఒక జత పశువులను అక్కడే అమ్మివేశారని ఆ దేశపు పశుపోషకులు చెప్పుకుంటారు. 1878లో లెంగ్రూబర్ అనే రైతు మరొక జతను కొన్నాడు. అయితే భారతదేశం నుంచి కాదు, జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి! 1960ల ఆరంభంలో తెప్పించిన ఆబోతులలో ‘కర్వాది’ అనేది ఆ జాతి చరిత్రలోనే అత్యంత ప్రసిద్ధమైనది. అది ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరే. నేడు బ్రెజిల్‌లోని 20 కోట్లకు పైబడిన పశువుల్లో అధికభాగం ఈ జాతివి, లేదా దీనితో సంకరమైనవి. మనం దుక్కికి, బండికి పెంచిన జాతిని వారు మాంసం కోసం పెంచుతున్నారన్న తేడాను మాత్రం దాచకుండా చెప్పాలి.

ప్రశ్న: ఒంగోలు గిత్త మూపురంలో ఒంటెకు ఉన్నట్లు నీరు నిలువ ఉంటుందా?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: ఉండదమ్మా. ఒంటె మూపురంలో ఉండేది కూడా నీరు కాదు, కొవ్వు. మన ఎద్దు మూపురం ప్రధానంగా కండరం, అందులో కొంత కొవ్వు కలిసి ఉంటుంది. ఎండను ఓర్చుకునే శక్తి వేరే లక్షణాల నుంచి వస్తుంది. ఐరోపా జాతులతో పోలిస్తే వీటి చర్మంలో చెమట గ్రంథులు పెద్దవి, ఎక్కువ కూడా. వేలాడే గంగడోలు చర్మపు వైశాల్యాన్ని పెంచుతుంది. పొట్టి తెల్లని వెంట్రుకలు ఎండను తిప్పికొడితే, వాటి కింది నల్లని చర్మం సూర్యకిరణాల హానిని అడ్డుకుంటుంది. పైగా వీటి శరీరంలో వేడి పుట్టడమే తక్కువ. రోహిణీ కార్తెలో మన పొలాలను తట్టుకున్న ఈ శరీర నిర్మాణమే బ్రెజిల్ మైదానాలలోనూ వీటిని నిలబెట్టింది.

ప్రశ్న: ఈ జాతిని కాపాడేందుకు మన ప్రాంతంలో ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయా?
– ఒక రైతు, దర్శి

జవాబు: ఉన్నాయి. ప్రకాశం జిల్లాలో చదలవాడ పశుక్షేత్రం, నెల్లూరు జిల్లా కొండాపురం మండలంలో చింతలదేవి కేంద్రం ఇందుకు పనిచేస్తున్నాయి. మీకు దగ్గరిది చదలవాడ.